జోడు మగ్గం

"మీరెవరు?"

ఫోనులో ఆ ఒక్క మాటే ఉంది. పంపింది ఈల.

ముప్ఫయ్యొక్క ఏళ్లు వీపుకు వీపు తగిలేంత దగ్గరగా నిలబడి పనిచేసిన మనిషి ఇవాళ మీరెవరని అడగడమేమిటి? పెద్దాయన ఎడమచేత్తో దుప్పటి అంచు వదలకుండానే కుడిచేతి బొటనవేలితో తెరను కిందికి జరిపాడు. నంబరు అదే. ఫొటో అదే: మూతి సున్నాలా చుట్టి ఈల వేస్తున్న ముడతల ముఖం. సోమవారం నుంచి గురువారం దాకా రోజుకొకటి చొప్పున ఆ నంబరు నుంచి వచ్చిన నాలుగు బొమ్మలు, నాలుగు ఎత్తిన అరచేతులు, వరసగా ఉన్నాయి. వాటి కింద, ఈ శుక్రవారం పొద్దున తొమ్మిదీ నలభైకి, ఈ ప్రశ్న.

దుప్పటి అవతలి కొసను గట్టిగా గుంజారు. తలెత్తితే ఎదురావిడ పెదాలు కదులుతున్నాయి.

"పెద్దాయనా, సంబంధమేమైనా కుదిరిందా? కాస్త ఇటు చూసి మడత పట్టు."

ఆమె మాటలు ఆయనకు వినపడవు, కనపడతాయి. లాండ్రీలో పది యంత్రాలు ఒక్కసారి తిరుగుతుంటే చెవులున్నవాళ్లు గొంతు చించుకుంటారు. పెద్దాయనకు ఆ అవస్థ లేదు. బట్టల మిల్లులో ఉన్నప్పుడే చెవులు పోయాయి, పెదాలు చదవడం వచ్చింది. చెవులున్నది పెన్సిలు దోపుకోవడానికే అని మిల్లులో ఒక జోకు ఉండేది. ఇప్పుడు ఆయన చెవుల్లో పెన్సిలు కూడా లేదు, తెల్ల వెంట్రుకలు తప్ప.

హోటళ్ల దుప్పట్లు అవి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చెరో రెండు మూలలూ పట్టుకోవాలి. ఒక్క జాడింపు. నాలుగడుగులు ముందుకు, మూలలు అందించి, నాలుగడుగులు వెనక్కు. రోజుకు నాలుగు వందల దుప్పట్లు. అరవై ఎనిమిదేళ్ల ఒంటికి అదొక నడక, అదొక వ్యాయామం, అదే పొద్దుపోయే దారి కూడా. వేళ్ల కణుపులు ముడులు తేలాయి. అయినా అంచుకు అంచు వెంట్రుకవాసి తేడా లేకుండా కలపడంలో ఆయనను మించినవాళ్లు లాండ్రీలో లేరు.

జేబు మళ్లీ వణికింది. ఈసారి ఆగకుండా వణికింది. అంటే ఎవరో కాల్ చేస్తున్నారు. ఆయనను ఎరిగినవాళ్లెవరూ కాల్ చేయరు. ఈల అసలే చేయడు, వాడి చెవులు ఈయన చెవుల కంటే అధ్వాన్నం. మరి వాడి ఫోను ఎవరి చేతిలో ఉంది?

దుప్పటి సగం మడతలో ఉండగానే జవాబు వచ్చింది. పొడుగాటి జవాబు.

"నేను ఆయన కూతుర్ని. నాన్న ఆస్పత్రిలో ఉన్నాడు. స్పృహ లేదు. ఈ ఫోన్లో మీ పేరు జోడు మగ్గం అని ఉంది. ఆదివారం జోడు మగ్గం మిమ్మల్ని గ్రూపులోంచి తీసేశారు అని ఉంది. ఆ తర్వాత నాలుగు రోజులు నాన్న మీకు చెయ్యి పంపాడు. నాలుగూ మీరు చూశారు. ఒక్కదానికీ జవాబివ్వలేదు. ఎవరండీ మీరు? నాన్న మీకేం చేశాడు?"

పెద్దాయన చేతుల్లోంచి దుప్పటి జారి నేల మీద పడింది. లాండ్రీలో చేరిన తొమ్మిదేళ్లలో ఆయన చేతిలోంచి దుప్పటి కింద పడడం అదే మొదటిసారి. ఎదురావిడ జోకు వేయలేదు. దగ్గరికొచ్చి ముఖంలోకి చూసి, ఏమైందని పెదాలు నెమ్మదిగా కదిపి అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

జోడు మగ్గం ఎవరో ఆయనకు తెలుసు. ఆదివారం పొద్దున టీ తాగుతూ, అర నిమిషంలో, ఆ బొత్తాం నొక్కింది ఆయనే.

* * *

సూపర్‌వైజరుకు ఫోనులోనే రెండు ముక్కలు రాసి చూపించి, సగం రోజు సెలవు పెట్టి, పెద్దాయన బస్టాపుకు నడిచాడు. నడుస్తుండగా మేస్త్రీ నుంచి సందేశం వచ్చింది. మేస్త్రీ అంటే మిల్లులో వాళ్ల షెడ్డుకు పెద్ద. ఇప్పుడు గ్రూపుకు పెద్ద.

"ఆ పిల్ల నన్నూ అడిగింది, జోడు మగ్గం ఎవరని. తెలీదన్నాను. పెద్దాస్పత్రిలో ఉన్నాడట, నేనూ వస్తున్నా. నువ్వు నోరు మెదపకు. ఫోను తప్పని నేను చెబుతా. గ్రూపులో అందరికీ చెప్పాను, ఎవరూ పెదవి విప్పరు."

పెద్దాయన ఆ సందేశాన్ని రెండుసార్లు చదివాడు. రెండోసారి చదివాక ఊపిరి కాస్త తేలికైంది. అలా తేలికైనందుకు తన మీద తనకే రోత పుట్టింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఆదివారం మళ్లీ కళ్ల ముందుకొచ్చింది.

వాళ్ల షెడ్డులో నూట ఇరవై మగ్గాలుండేవి. నూలు మోసే నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడుకు మొదటి ఏడాదిలోనే చెవుల్లో కీచురాళ్లు దూరేవి. పదో ఏటికి ఆ కీచురాళ్లూ చచ్చేవి. ఇక మాటలన్నీ చేతులతోనే. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. అరచేయి పొట్ట మీద తిప్పితే భోజనం వేళ అయిందని. అటువంటి షెడ్డులో రోజంతా ఈల వేస్తూ పనిచేసేవాడు కాబట్టి వాడికి ఈల అని పేరు. ఏం పాటో ముప్ఫయ్యొక్క ఏళ్లలో ఒక్కరికీ తెలియలేదు. వినపడని పాటకు శ్రుతేమిటి, తాళమేమిటి అని వాడే నవ్వేవాడు.

పొద్దున షిఫ్టు మొదలవగానే ప్రతివాడూ తన మగ్గం పక్కన నిలబడి చెయ్యెత్తాలి. నేనున్నాను, నా మగ్గం నడుస్తోంది అని దానర్థం. వరస చివర నిలబడి మేస్త్రీ చేతులు లెక్కపెట్టేవాడు. మగ్గాలు రెండేసి ఒక జోడు. ఒక సందులో ఇద్దరు మనుషులు, వీపు వెనక వీపు. ఒకడు నాలుగు రోజులు రానంటే రెండోవాడు ముందుగా మేస్త్రీ దగ్గరికెళ్లి వాడిని లెక్కలోంచి తప్పించేవాడు. దాన్ని చెయ్యి దించడం అనేవాళ్లు. అలా దించితే లెక్క సరిపోతుంది, రానివాడి మీద మాట పడదు. ఎందుకు రావడం లేదని మాత్రం అడగకూడదు. తాగుడో, జబ్బో, ఇంట్లో రభసో, ఏదైనా కావచ్చు. అడగకపోవడమే మర్యాద. ఆ మర్యాద తప్పినవాడిని షెడ్డులో ఎవరూ జోడుగా ఒప్పుకునేవాళ్లు కాదు.

మిల్లు మూతపడ్డాక తెలిసింది, తాము బయటి ప్రపంచంలో చెవిటివాళ్లమని. షెడ్డులో ఉన్నంతకాలం ఆ మాట ఎవరికీ గుర్తు లేదు, అందరూ ఒకటే కాబట్టి. ఇళ్లకు చేరాక ఒక్కొక్కరూ మేకుకు తగిలించిన చొక్కాలా అయిపోయారు. అందరూ నవ్వుతుంటారు, ఎందుకని అడిగితే ఏం లేదులే అంటారు. పెద్దాయన ఉండేది తన అక్కతో. మొగుడు పోయాక తమ్ముడి దగ్గరికి చేరిన మనిషి, నోట్లో నాలుక ఊరుకోదు. అయినా అదే ఆవిడ ఆయన ఏదైనా మళ్లీ చెప్పమంటే చెయ్యి విసిరేసి ఏం లేదులే అంటుంది. ఆ రెండు మాటలూ రోజుకు పది సార్లు పెదాల మీద చదివితే మనిషి లోపల ఏదో ఒకటి మెల్లగా ఆగిపోతుంది. పెద్దాయన నోరు తెరవడమూ అలాగే ఆగిపోయింది. తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో తనకు తెలియదు. గుసగుసలాడమంటే ఊరంతా దండోరా వేస్తావని అక్క ఒకసారి అంది. ఒక కొట్లో ఆయన మాట్లాడగానే ఒక పసిపిల్ల చెవులు మూసుకుంది. ఆ తర్వాత ఆరేళ్లుగా ఇంటి బయట ఆయన నోట మాట లేదు.

గ్రూపు వచ్చాక మళ్లీ మనుషులయ్యారు. మేస్త్రీ కోడలు పెట్టిచ్చింది, పేరు రెండో షెడ్డు. పద్నాలుగు మంది. అక్కడ ఎవరూ ఏం లేదులే అనరు, మాట రాతలో ఉంటుంది కాబట్టి. రోజూ ఏడు గంటలకు ఒక్కొక్కరూ ఎత్తిన చెయ్యి బొమ్మ పెడతారు. ఎనిమిదికల్లా ఎవరి చెయ్యి రాలేదో, వాళ్ల జోడు వెళ్లి తలుపు తీయించి చూడాలి. తలుపు కొట్టినా వినపడని మనుషులకు అది తప్ప వేరే కాపలా లేదు. మేస్త్రీ కళ్లకు పొరలు రావడంతో చేతులు లెక్కపెట్టే పని పెద్దాయనకు అప్పగించాడు. అయినా సంఖ్య తేడా వస్తే మాత్రం మేస్త్రీ ఊరుకోడు. ఒకటి తక్కువైంది, ఎవరది, ఎవరది అని వందసార్లు అడుగుతాడు.

ఈ మధ్య కొన్ని నెలలుగా ఈల చాలా రాసేవాడు. తెల్లవారకముందే పది వరసలు. పాత మగ్గాల ఫొటోలు. ఎవరైనా మేలుకున్నారా అని. అందరూ గ్రూపుకు ఫోను వణుకు ఆపేసి పెట్టుకున్నారు. ఆ తర్వాత వాడు రాయడం తగ్గించాడు. ఆపైన చెయ్యి ఒక్కటే మిగిలింది. ఆదివారం పొద్దున ఆ చెయ్యి బదులు ఒక వాక్యం వచ్చింది:

"నాలుగు రోజులు నా చెయ్యి లెక్కపెట్టకండి."

ఒకడు బొటనవేలు బొమ్మ పెట్టాడు. మిగతావాళ్లు అదీ పెట్టలేదు. పెద్దాయన జోడువాడి బాధ్యత నెరవేర్చాడు. ఈల పేరు మీద వేలు నొక్కి పట్టి, తీసేయమని నొక్కాడు. పైన పదకొండు ఉన్నది పది అయింది. లెక్క సరిపోయింది, మేస్త్రీ గోల ఉండదు. నాలుగు రోజులు కాగానే మళ్లీ చేర్చవచ్చు. ఎందుకు అని అడగలేదు. వాడికొక మేలు చేసినట్టు కూడా అనిపించింది.

సోమవారం ఏడింటికి ఈల విడిగా ఆయనొక్కడికే చెయ్యి పంపాడు. సెలవులో ఉన్నా అలవాటు పోలేదు వెధవకి అని నవ్వుకుని, పెద్దాయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. మంగళవారం, బుధవారం, గురువారం అంతే. షెడ్డులో ఎత్తిన చేతికి జవాబుగా ఎవరూ చెయ్యెత్తరు. మేస్త్రీ లెక్కపెడతాడు, అంతే.

బస్సు ఒక మలుపు తిరిగింది. ఆ కుదుపులో, అప్పుడు, ఆయనకు అసలు విషయం తట్టింది.

పద్నాలుగు మంది పదకొండు ఎలా అయ్యారు? ఆ బొత్తాం ఆయన అంతకుముందు మూడుసార్లు నొక్కాడు. కండెలు చుట్టే ఆవిడకు ఒకసారి. మిషన్లకు నూనె వేసేవాడికి ఒకసారి. గడియారం అని పిలిచే పొడుగు మనిషికి ఒకసారి. మూడుసార్లూ అంత్యక్రియలు అయిన సాయంత్రమే. మూడుసార్లూ ఈల చూశాడు.

నాలుగోసారి వాడిని తీసేశాడు.

వాడు అడిగింది సెలవు కాదు. ఎందుకురా అని ఒక్కడైనా అడుగుతాడేమోనని ఎదురుచూశాడు. జవాబుగా ఫోను వాడికి చెప్పిందేమిటంటే, నీ జోడు నిన్ను పోయినవాళ్లలో కలిపాడు అని. అయినా వాడు నాలుగు రోజులు చెయ్యెత్తాడు. నేనున్నాను. నేనున్నాను. నేనున్నాను. నేనున్నాను. ప్రతి చెయ్యి పక్కనా రెండు నీలం గీతలు పడ్డాయి, జోడువాడు చూశాడని. ఐదో రోజు చెయ్యి రాలేదు. ఈల గ్రూపులో లేడు కాబట్టి వెళ్లి తలుపు తీయించాల్సిన మనిషీ లేడు.

ముందు సీటు కమ్మీని పెద్దాయన రెండు చేతులా పట్టుకున్నాడు. ఏదో శబ్దం తన నోటి నుంచి వచ్చి ఉండాలి. ముందు కూర్చున్న ఇద్దరు వెనక్కు తిరిగి చూశారు.

* * *

ఆస్పత్రి హాలు పొడవునా ఇనుప బల్లలు. ఆ చివర ఈల కూతురు నిలబడి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. కండక్టరు యూనిఫామ్ కూడా విప్పలేదు, టికెట్ల సంచి భుజానికి అలాగే ఉంది. అంత దూరం నుంచి తన మాట ఎవరికీ అందదని ఆమె అనుకుంది. పెద్దాయనకు అక్షరం పొల్లుపోకుండా అందింది.

"...వాడెవడో దొరకనీ. వాడి ఇంటి ముందు నిలబడి, వాడి పిల్లల ముందు, నలుగురి ముందు చెబుతాను వాడేం చేశాడో. కాళ్లు పట్టుకున్నా వదలను."

వెనక్కు తిరిగిపోవచ్చు. తలుపు పది అడుగుల దూరంలో ఉంది. పెద్దాయన కాళ్లు ఆ పది అడుగులూ కొలిచి చూసుకున్నాయి. అంతలో ఆమె ఆయనను చూసింది. ఆమె ముఖం ఒక్కసారిగా పసిపిల్ల ముఖమైపోయింది.

"బాబాయ్, వచ్చావా."

తండ్రితో పనిచేసిన బాబాయిగానే ఆమె ఆయనను ఎరుగును, షెడ్డులోని పేర్లేవీ ఇంటిదాకా రాలేదు. చెయ్యి పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టింది. తండ్రితో మాట్లాడినట్టే నెమ్మదిగా, పెదాలు తెరిచి తెరిచి చెప్పుకొచ్చింది. తెల్లవారుజామున డ్యూటీకి లేచేసరికి వంటగది నేల మీద పడి ఉన్నాడట. మెదడులో రక్తం గడ్డ కట్టిందన్నారట. బీపీ మాత్రల పెట్టెలో సోమ, మంగళ, బుధ, గురు, నాలుగు గళ్లూ నిండుగా ఉన్నాయట. ఒక్క మాత్రా ముట్టలేదు.

"ఒకే ఇంట్లో ఉన్నాను బాబాయ్. చూసుకోలేదు. రోజంతా బస్సులో అరిచి అరిచి ఇంటికొచ్చేసరికి గొంతులో గుసగుసే మిగులుతుంది. గుసగుస నాన్నకు అందదు. అందుకని రేపు మాట్లాడదాంలే, రేపు మాట్లాడదాంలే అనుకుంటూ..." అక్కడ ఆమె ఆగింది. కళ్లు తుడుచుకుని ఈల ఫోను తీసింది. ముఖం మళ్లీ గట్టిపడింది. "నా సంగతి తర్వాత. ముందు ఈ మనిషి కావాలి నాకు. జోడు మగ్గం. ఎవరో నీకు తెలుసా?"

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

అబద్ధమాడడానికి గొంతు కూడా అవసరం లేకపోయింది.

"చూడు, ఎత్తుతాడేమో," అని ఆమె ఆయన కళ్ల ముందే ఆ పేరు మీద నొక్కి ఫోను చెవికి పెట్టుకుంది.

గుండె మీద జేబు వణికింది.

వణుకుతోందని ఆయనకు తెలుసు. మోగుతోందో లేదో తెలియదు. కొన్నప్పుడు దీని నోరు కట్టేశానని అక్క చెప్పింది. ఆ తర్వాత తన మొరటు వేళ్లు ఎన్ని బొత్తాలు నొక్కాయో. హాలంతా వినపడేలా మోగుతోందేమో. ఆయన కదలకుండా కూర్చుని చుట్టూ ఉన్న ముఖాల్లో ఆ సంగతి వెతికాడు. ఎదుటి బల్ల మీది మనిషి తలెత్తాడు. తన వైపా, గోడ గడియారం వైపా? ఒక పిల్లవాడు ఇటు తిరిగాడు. ఒక ఆయా నడుస్తూ ఆగింది. ఈల కూతురు ఆయన ముఖంలోకే చూస్తోంది. ఆయన చెయ్యి తనంతట తాను లేచి జేబు మీద ఆనుకుంది, గుండెల్లో నొప్పి వచ్చినవాడి చెయ్యిలా. వణుకు అరచేతిలోంచి మోచేతి దాకా పాకింది. ఆయా మళ్లీ నడిచింది. పిల్లవాడు తల్లి ఒళ్లో పడుకున్నాడు.

"ఎత్తడు. పొద్దున్నుంచి పంతొమ్మిది సార్లు చేశాను. సిగ్గున్నవాడైతే ఎత్తేవాడు," అందామె. తర్వాత, ఆయన చెయ్యి ఎక్కడుందో చూసి కంగారుపడింది. "బాబాయ్, నీకు బాగానే ఉందా? నీళ్లు తేనా?"

ఆమె నిజంగానే వెళ్లి నీళ్లు తెచ్చింది. ఆయన తాగాడు.

* * *

మధ్యాహ్నం రెండింటికి ఆయనను లోపలికి వదిలారు. ఐదు నిమిషాలన్నారు.

ఈల మంచం మీద ఇంకా పొట్టిగా కనిపించాడు. ఎప్పుడూ సున్నా చుట్టి ఉండే పెదాల మధ్య ఇప్పుడు గొట్టం ఉంది. గడ్డం నాలుగు రోజులది. పెద్దాయన చుట్టూ చూసి, ఎవరూ ఇటు చూడడం లేదని రూఢి చేసుకుని, కుడి చెయ్యి ఎత్తి మూసుకున్న ఆ కళ్ల ముందు పట్టుకున్నాడు. అరచేయి తెరిచి, వేళ్లు చాచి, షెడ్డులో పట్టుకున్నట్టే. చెయ్యి నొప్పి పుట్టే దాకా పట్టుకున్నాడు. రెప్ప కదలలేదు.

కరెంటు పోయి షెడ్డు చీకటైతే ఒకరి భుజం మీద ఒకరు రెండుసార్లు తట్టుకునేవాళ్లు. ఇక్కడే ఉన్నాను అని. పెద్దాయన వాడి భుజం మీద రెండుసార్లు తట్టాడు. ఆగాడు. మళ్లీ రెండుసార్లు. వెచ్చగా ఉంది భుజం. జవాబు లేదు. జవాబు రాకపోతే మనిషికి ఎలా ఉంటుందో మొదటిసారి వేళ్లకు తెలిసింది.

మంచం అవతలి వైపు ఎప్పుడొచ్చాడో మేస్త్రీ నిలబడి ఉన్నాడు, ఒక చేతిలో కర్ర, కళ్లకు ఆపరేషన్ నల్లద్దాలు. ఆయన వెనక ఈల కూతురు. మేస్త్రీ కర్రను చంకలో ఇరికించుకుని, రెండు పిడికిళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి గట్టిగా నొక్కాడు. మగ్గం ఆపు. తర్వాత వేలు పెదాల మీద పెట్టి కిందికి విసిరాడు. చెప్పకు. ముసలాళ్లిద్దరూ బాధతో చేతులు నలుపుకుంటున్నారని ఆమె అనుకుంది కాబోలు, మేస్త్రీ వీపు నిమిరింది.

పెద్దాయన రెండు వేళ్లు కత్తెరలా ఆడించాడు. పోగు తెగింది.

ముడి వేస్తాను, నువ్వు ఊరుకో, అన్నాయి మేస్త్రీ చేతులు. వెంటనే ఆమె వైపు తిరిగి నోటితో మొదలుపెట్టాడు. ఈ ఫోన్లను నమ్మడానికి లేదని, అప్పుడప్పుడూ వాటంతట అవే మనుషులను తీసేస్తుంటాయని, తన కోడలిని కూడా ఒకసారి అలాగే తీసేసిందని చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది.

"నాలుగు చేతులూ చూసింది కూడా ఫోనేనా, పెద్దనాన్నా?"

మేస్త్రీ తల తిప్పుకున్నాడు. చెవిటివాడు మాట తుంచేయాలంటే అంతే చాలు. కర్ర పొడుచుకుంటూ వెళ్లిపోయాడు. వెళ్లేముందు పెద్దాయన భుజం గట్టిగా పట్టుకుని వదిలాడు. ఆ పట్టులో బతిమాలడం ఉంది. బయటపడితే గ్రూపు ఉండదు, ఎవరూ ఎవరినీ నమ్మరు, మళ్లీ ఎవరి గోడకు వాళ్లం అని ఉంది. పెద్దాయనకు అదీ తెలుసు. రేపు పొద్దున ఏడింటికి తన చెయ్యి చూసి మిగతా తొమ్మిది మంది ఏమనుకుంటారు? అసలు చెయ్యెత్తనిస్తారా? ఆ చిన్న తెర పోతే తనకు మిగిలేది అక్క, ఆమె ఏం లేదులే, నాలుగు వందల దుప్పట్లు. ఈల ఎక్కడిదాకా నడిచాడో ఆ దారి మొత్తం ఆయనకు ఇక్కడి నుంచే కనిపించింది.

ఐదు నిమిషాలు ఎప్పుడో దాటాయి. ఎవరూ పొమ్మనలేదు. పొమ్మనకపోవడంలోనే ఏదో ఉందని ఆయనకు అర్థమైంది.

మూడూ నలభైకి నర్సు వచ్చింది. పరుగున రాలేదు, నడుచుకుంటూ వచ్చింది. తెర మీది పచ్చ గీతను చూసి, మణికట్టు పట్టుకుని చూసి, డాక్టరును తెచ్చింది. డాక్టరు మంచం దగ్గర ఎంతోసేపు లేడు. ఆయన ముఖం అటు ఉంది, పెదాలు కనపడలేదు. ఈల కూతురి ముఖం మాత్రం ఇటే ఉంది. ఆమె ముఖాన్ని చదవడానికి ఏ విద్యా అక్కర్లేదు. గొట్టం తీసేశారు. పెదాలు గొట్టం ఉన్న ఆకారంలోనే కాసేపు ఉండి, మెల్లగా మూసుకున్నాయి.

ఆమె ఏడవలేదు. గోడకు ఆనుకుని ఈల ఫోను తీసి టకటకా ఏదో కొట్టింది. పెద్దాయన జేబు ఒక్కసారి వణికి ఆగింది.

ఈసారి ఆయన జేబు మీద చెయ్యి పెట్టుకోలేదు. ఫోను బయటికి తీసి, ఆమె ఎదురుగానే, తెర వెలిగించి చదివాడు.

"నాన్న పోయాడు. ఇక మీకు చేతులు రావు. నిశ్చింతగా ఉండండి."

తలెత్తేసరికి ఆమె చూస్తోంది. ఆయన చేతిలోని ఫోనును, తన చేతిలోని ఫోనును, మళ్లీ ఆయనను. ఆమె కళ్లలో అనుమానం ఇంకా పూర్తిగా నిలబడలేదు, ఎందుకంటే అది నిలబడడానికి ఆమెకు ఇష్టం లేదు. ఇప్పుడు కూడా తప్పించుకోవచ్చు. అక్క పంపిందని చూపించవచ్చు. తల అడ్డంగా ఊపవచ్చు, ఊపితే ఆమె నమ్ముతుంది. ఆమెకు నమ్మాలనే ఉంది.

ఆయన నోరు తెరిచాడు. ఆరేళ్లుగా నలుగురిలో వాడని గొంతు ముందు గాలిగా వచ్చింది. అది ఎంత పెద్దగా ఉందో, ఎంత వికారంగా ఉందో ఆయనకు తెలియదు. వార్డులో మూడు మంచాల అవతల ఉన్న మనిషి ఉలిక్కిపడి తిరిగాడు. తలుపు దగ్గరి నర్సు తిరిగింది. అందరూ తిరిగారు. ఆయన ఆపలేదు.

"నేనేనమ్మా. జోడు మగ్గం నేనే. మీ నాన్నను తీసేసింది నేనే. నాలుగు చేతులూ చూసి ఊరుకుంది నేనే."

ఆమె గోడ వైపు తిరిగిపోయింది. దవడ కదులుతోంది, భుజాలు కదులుతున్నాయి, ఏదో అంటోంది, చాలాసేపు అంటోంది. పెదాలు మాత్రం ఆయనకు కనపడలేదు. ఏమన్నదో ఆయనకు ఎన్నటికీ తెలియదు.

మంచం పక్క బల్ల మీద ఈల కళ్లజోడు ఉంది. పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. విరిగిన కుడి కాడకు తెల్లటి నూలు పోగు చుట్టి ఉంది, వరసకు వరస ఆనించి, బిగించి, చివరి కొస వాడు ఎక్కడ దాచాడో ఎంత వెతికినా కనపడనంత నేర్పుగా.